అనుమానమొస్తే హీరో

ఆవిడ అసలు పేరు షూటింగుల్లో ఎవరికీ తెలియదు. ఎప్పుడు చూసినా చేతిలో కొలత టేపు ఉంటుంది గనక టేపక్క అయింది. లైట్లు మోసేవాళ్ళ దగ్గర్నుంచి నిర్మాత దాకా అందరికీ టేపక్కే. తనకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అక్కా అంటుంటే మొదట్లో ఉడుక్కునేది. తర్వాత, పోనీలే, ఒసేయ్ అనడం కంటే నయం కదా అని ఊరుకుంది.

సినిమాలో మనిషి ముఖం మసకబారకుండా చూడటం ఆవిడ పని. కెమెరా ముందు మనిషి ఒక అడుగు కదిలితే, దానికి తగ్గట్టు ఒక చక్రం తిరగాలి. ఆ చక్రం టేపక్క చేతిలో ఉంటుంది. అంగుళం దూరం తేడా వచ్చిందా, ముక్కు కనపడుతుంది, కళ్ళు అలుక్కుపోతాయి. దీన్నే ఫోకస్ లాగడం అంటారు. బాగా లాగితే ఎవరికీ తెలియదు, తప్పు లాగితే ఊరంతటికీ తెలుస్తుంది. దిక్కుమాలిన ఉద్యోగమంటే ఇదే!

వాళ్ళమ్మకైతే ఈ పని ఏమిటో ఇప్పటికీ అర్థం కాలేదు.

"సినిమా అంతా చూశానే. నువ్వేం చేశావో నాకు కనపడలేదు."

"బొమ్మ మసక లేకుండా ఉందా? అదే నేను చేసింది."

"మసక లేకపోవడం కూడా ఒక పనేనా? మరి ఆ అమ్మ వేషం ఆవిడ ముఖం ఎప్పుడూ సరిగ్గా కనపడదేం? ఏడుస్తోందో నవ్వుతోందో తెలిసి చావదు."

దానికి టేపక్క దగ్గర జవాబు ఉంది గానీ, అమ్మతో చెప్పేది కాదు.

ఆ జవాబు పేరు గురువుగారు. పెద్ద కెమెరామాన్. ఆడపిల్ల కెమెరా పెట్టె మోస్తుందా అని లోకమంతా ఎకసెక్కాలాడిన రోజుల్లో మోయనిచ్చిన మహానుభావుడు. చక్రం మొదటిసారి చేతికిచ్చిన రోజున ఒక్క ముక్క చెప్పాడు.

"చూడు తల్లీ. కెమెరా ముందు ఇద్దరుంటారు, ముగ్గురుంటారు. ఎవరి ముఖం మీద ఉండాలో ఒక్కోసారి తోచదు. కంగారు పడకు. అనుమానమొస్తే హీరో. అంతే. నీ ఉద్యోగానికి ఢోకా ఉండదు."

పన్నెండేళ్ళుగా ఢోకా రాలేదు. ఎంతమంది తల్లులు, అక్కలు, ప్రేయసులు హీరో భుజం వెనక మసకమసగ్గా ఏడ్చారో, టేపక్క ఎన్నడూ పట్టించుకోలేదు. పని అలాంటిదని అనుకుంది.

అలాంటి టేపక్కకు ఒక సినిమా వచ్చింది. దాని డైరెక్టరు ఆడమనిషి. ముప్పై నిండలేదు, మొదటి సినిమా. యూనిట్లో అందరూ డైరెక్టరమ్మ అనేవాళ్ళు, సగం మర్యాదగా, సగం వెటకారంగా. ఆ పిల్ల అసిస్టెంటుగా తిరిగిన రోజుల్లో అంతమంది మగవాళ్ళ మధ్య వీళ్ళిద్దరే ఆడవాళ్ళు. ఒంటికి వెళ్ళడానికి హీరోయిన్‌కైతే అన్ని వసతులతో బండి ఉండేది. వీళ్ళకేముంటుంది, మన్ను! సగం కట్టిన మేడో, పాడుబడ్డ గోడౌనో, గడియ లేని తలుపో వెతుక్కుని, ఒకరు లోపలికి వెళ్తే ఇంకొకరు బయట తలుపు పట్టుకుని నిలబడేవాళ్ళు. అలా ఒకరికొకరు కాపలా కాసిన స్నేహం అది. సొంత అక్కచెల్లెళ్ళ మధ్య కూడా అంత నమ్మకం ఉండదు. పదిమందిలో టేపక్క ఆమెను మేడం అంటుంది, ఇద్దరే ఉంటే పిల్లా అంటుంది. ఆ పిల్ల మాత్రం ఎక్కడైనా అక్కా అనే అంటుంది.

ఫోకస్‌కి మగవాణ్ణి పెడదామని ప్రొడక్షన్ మేనేజరు ఎంత మొత్తుకున్నా, డైరెక్టరమ్మ వినలేదు. "అక్క లేకపోతే ఆ ఇంటి షాటు నేను తియ్యను" అని మొండికేసింది. కెమెరాకి గురువుగారినే పిలిచింది.

ఆ ఇంటి షాటు ఏమిటో చెప్పాలి, లేకపోతే మిగతా కథంతా గాలిలో దీపమే. ఒక తల్లి ఇల్లు కట్టుకుంటుంది. కొడుకు అమ్మేస్తాడు. యంత్రం వచ్చి ముందు గోడ కూలుస్తుంటే, తల్లి ఇంటిని వెనక వదిలి గేటు దాకా నడిచి వస్తుంది. కొడుకు, అంటే హీరో, కెమెరాకి దగ్గరగా ఒక పక్కన నిలబడి ఇల్లు కొన్నవాడితో మాట్లాడుతుంటాడు.

"మాట్లాడేది అతను. కనపడాల్సింది ఆవిడ," అంది డైరెక్టరమ్మ. "అతను ఎన్ని కబుర్లన్నా చెప్పనీ అక్కా, నువ్వు మాత్రం ఆవిడ ముఖం వదలకు. ఈ సినిమా అంతా నేను తీస్తున్నది ఆ ఒక్క నడక కోసమే."

ఇల్లు సెట్టు కాదు, నిజంగా కూల్చబోతున్న ఇల్లు. వీధి మలుపులో పెచ్చులూడిన పాత మేడ. ఇంటాయన, పుణ్యాత్ముడు, యంత్రం వచ్చే రోజున షూటింగుకి ఒప్పుకున్నాడు. గోడ ఒక్కసారే పడుతుంది. మళ్ళీ తీద్దామంటే మళ్ళీ కట్టేవాడు లేడు.

తల్లి వేషం వేసినావిడను అందరూ పెద్దమ్మ అంటారు. ముప్పై ఏళ్ళుగా అమ్మ వేషాలే. తనకంటే వయసులో పెద్దవాడికి కూడా ఒకసారి తల్లిగా చేసిందట. "వాడు రంగేసుకుని కొడుకయ్యాడు, నేను రంగు కడుక్కుని తల్లినయ్యాను" అని నవ్విస్తుంది. ఆ పొద్దున దూరాలు కొలవడానికి టేపక్క టేపు కొస తెచ్చి ఆవిడ కంటి పక్కన పెట్టగానే, పెద్దమ్మ వెనక్కి జరిగింది.

"ఇదేంటే, నా దాకా వచ్చావు? హీరోకి కదా కొలుస్తారు!"

"ఇవాళ మీకేనమ్మా."

"నిజంగానా? డైలాగు వాడిదైతే?"

"వాడిదైనా మీరే కనపడతారు. నాదీ పూచీ."

పెద్దమ్మ వెంటనే మేకప్ అమ్మాయిని పిలిచి, ముఖానికి పూసిందంతా తుడిచెయ్యమంది.

టేపక్క ఆవిడ నడిచే దారి పొడుగునా నేల మీద సుద్దగుర్తులు పెట్టుకుంది. చక్రం మీద వాటికి సరిపడా గీతలు గీసుకుంది. రిహార్సల్ చేశారు. హీరోబాబు ఎండ అంటూ బయటికి రాలేదు. అతని బదులు ఎవరో నిలబడి పెదాలాడించారు. అన్నీ కుదిరాయి. ఆ కుదరడం చూసే మేనేజరుకి మనసులో పురుగు తొలిచినట్టుంది. కెమెరా పెట్టెల దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"టేపక్కా, ఓ మాట. బాబు ఫీలవుతున్నాడు. తన డైలాగప్పుడు తనే మసగ్గా ఉంటే ఎలా చెప్పు? జనం టికెట్ కొనేది ఎవరి కోసం, ముసలావిడ కోసమా?"

"మేడంతో చెప్పండి."

"చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. అందుకే నీతో చెబుతున్నా. చెయ్యన్నాక ఒక్కోసారి జారుతుంది. మాటవరసకి, జారిందనుకో. బాబు తర్వాతి సినిమా ఏడాది నడుస్తుంది. ఫోకస్ నీదే."

"జారకపోతే?"

"జారకపోతే ఏముంది, హాయిగా ఇంట్లో మీ అమ్మకి తోడుంటావు. పెద్దావిడ కదా పాపం."

టేపక్కకు ఒళ్ళు మండింది. "నా చెయ్యి జారదండీ," అంది. మేనేజరు నవ్వి, ఆమె పెట్టె మీద రెండుసార్లు తట్టి, "ఆలోచించుకో" అని వెళ్ళిపోయాడు.

గేటు దగ్గర్నుంచి డైరెక్టరమ్మ ఇదంతా చూసింది. మాటలు వినపడలేదు, నవ్వూ తట్టడమూ కనపడ్డాయి. దగ్గరికి వచ్చి, "ఏమంటున్నాడక్కా?" అంది. ఆ పిల్ల ముఖం అప్పటికే పీక్కుపోయి ఉంది. రెండు రోజులుగా తిండి సరిగ్గా లేదు, నిర్మాత గంటగంటకీ ఫోన్లు. షాటు ముందు ఈ చెత్తంతా ఎందుకు చెప్పాలి?

"ఏం లేదు పిల్లా. భోజనాల సంగతి."

చెప్పేసి ఉంటే పోయేది. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే.

సాయంత్రం ఎండ గోడ మీదికి వాలింది. యంత్రం గుర్రుమంటూ చెయ్యెత్తి నిలబడింది. వీధిలో జనం మూగారు. హీరోబాబు వచ్చి తన చోట నిలబడి, జుట్టు సవరించుకున్నాడు. టేపక్క కెమెరా పక్కన, చక్రం రెండు చేతులా పట్టుకుని నిలుచుంది. గురువుగారు కెమెరాకి కన్నానించాడు.

"యాక్షన్!"

గోడ మీద మొదటి దెబ్బ పడింది. పెద్దమ్మ వెనక్కి చూడలేదు. ఒక అడుగు వేసింది. టేపక్క కన్ను ఆవిడ పాదాల మీద, వేలు చక్రం మీద. రెండో గుర్తు దాటింది. మూడోది. చక్రం వెన్నలా తిరుగుతోంది. అబ్బ, ఇంత బాగా జన్మలో లాగలేదు అనుకుంది టేపక్క. అలా అనుకోవడమే తప్పు.

హీరోబాబు నోరు తెరిచాడు. రిహార్సల్‌కి రాని మనిషి, చెప్పినట్టు నిలబడతాడా? డైలాగు మొదలెడుతూనే కెమెరా వైపు ఒక అడుగు వేశాడు, గొంతు చించుకున్నాడు. అదే క్షణాన పైగోడ విరిగి దుమ్ము లేచింది. పెద్దమ్మ కాళ్ళు కనపడలేదు. గుర్తులు కనపడలేదు. ఎక్కడుంది? ఆగిందా? నడుస్తోందా?

అనుమానం వచ్చింది.

టేపక్క చెయ్యి తిరిగింది. ఆమె తిప్పలేదు, అదే తిరిగింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారే, పన్నెండేళ్ళ బుద్ధీ అంతే. చక్రం గిర్రున వెళ్ళి హీరోబాబు ముఖం మీద ఆగింది. అతని మీసం, కనురెప్పలు, మెడ మీద చెమట చుక్క, అన్నీ అద్దంలా తేరాయి. వెనక తల్లి బూడిదరంగు మరక అయిపోయింది.

ఛీ, ఏం చేశాను, అనుకుంది టేపక్క. నాదీ పూచీ అన్నాను కదే! తిరగేద్దామంటే గుర్తులన్నీ దుమ్ములో కలిసిపోయాయి. పెద్దమ్మ ఎంత దూరం వచ్చిందో తెలియదు. హీరో మీదే ఉండిపోతే కనీసం ఒక్క ముఖమైనా సవ్యంగా ఉంటుంది, ఇప్పుడు కదిపితే ఇద్దరూ పోవచ్చు. అయినా చక్రం మీది గీతలు చూడటం మానేసింది. తలెత్తి దుమ్ములోకి చూస్తూ, చెయ్యి మెల్లగా వెనక్కి తిప్పింది. తెల్లచీర కదిలింది. ఇంకొంచెం. ఇంకొంచెం. దుమ్ములోంచి ముందు నుదురు వచ్చింది, తర్వాత కళ్ళు. పట్టుకుంది. గేటు దాకా మళ్ళీ వదల్లేదు.

"కట్!"

జనం చప్పట్లు కొట్టారు. గోడ పడితే ఎవరైనా కొడతారు. డైరెక్టరమ్మ మాత్రం మానిటర్ ముందు కూర్చుని, షాటు మళ్ళీ వేసి చూసింది. మధ్యలో ఆ ముఖం మారే చోట ఆమె పెదవులు బిగుసుకోవడం టేపక్క చూసింది. పులి మీద పుట్రలా, అప్పుడే మేనేజరు పెద్ద గొంతుతో ఊడిపడ్డాడు.

"శభాష్ టేపక్కా! అడిగినట్టే ఇచ్చావు! బాబు డైలాగు అదిరింది!"

అందరూ ఇటు తిరిగారు. దొంగతనం చెయ్యకుండానే తేలు కుట్టింది టేపక్కకి.

"ఏం అడిగారు?" అంది డైరెక్టరమ్మ నెమ్మదిగా. "భోజనాల సంగతన్నావు?"

"పిల్లా, అది కాదు..."

"ఫోకస్ పుల్లర్ గారూ, సామాను సర్దించండి. లైటు పోతోంది."

గారూ! తలుపు దగ్గర కాపలా కాస్తూ అక్కా అన్న నోటితో గారూ అంది. చెంప మీద కొట్టినా అంత మండేది కాదు.

టేపక్క అక్కడే, అందరి ముందూ, మేనేజరు వైపు తిరిగింది.

"మేనేజరు గారూ, మీరు జారమన్నారు. జారదని చెప్పాను. జారింది, అది వేరు. మీ కోసం జార్చింది కాదు. ఈ చెయ్యి ఇన్నేళ్ళూ అటే తిరిగింది, ఇవాళా తిరిగింది. తప్పు నాది. మీరిస్తానన్న సినిమా మాత్రం నాకొద్దు."

"నోటి దగ్గరి కూడు నేలపాలు చేసుకుంటావా?" అన్నాడు మేనేజరు, నవ్వు మాయమై.

"నేలపాలే కానివ్వండి."

వెనక ఎవరో "బేరం కుదిరాక నీతులు" అని గొణిగారు. డైరెక్టరమ్మ తలెత్తలేదు. గురువుగారు కేబుల్ చుట్టుకుంటూ, ముఖం చూడకుండా, "నేను నేర్పిందే తల్లీ" అన్నాడు. ఆ మాట టేపక్కకు ఊరట కాలేదు.

వెళ్ళబోతుంటే పెద్దమ్మ ఎదురైంది. జుట్టు నిండా, కనుబొమల నిండా దుమ్ము.

"కనపడ్డానా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఇవాళ చెప్పిన ఒక్క అబద్ధం చాలదా? "మధ్యలో కొంచెంసేపు... లేరమ్మా. నా వల్లే."

"ఓహో," అంది పెద్దమ్మ. చీరకొంగుతో ముఖం తుడుచుకుంది. "పోన్లే. అలవాటేగా."

షూటింగు ఆ షాటుతోనే అయిపోయింది. తర్వాతి రోజుల్లో కొత్త సినిమాకని ఫోను మోగలేదు. మేనేజరు నోరు ఊరుకునేదా, మాట మీద నిలబడని మనిషని ఒకచోట, పొగరుమోతని ఇంకోచోట చెప్పి పెట్టాడు. టేపక్క ఇంట్లో కూర్చుని కొలత టేపు బయటికి లాగడం, వదిలేయడం, మళ్ళీ లాగడం. ఆ చప్పుడుకి వాళ్ళమ్మకి చిర్రెత్తింది.

"ఏమిటే ఆ టకటక! పని లేకపోతే టీవీ అన్నా చూడు. ఇదిగో, ఆవిడే. కొడుకు వెనకాల నిలబడింది చూడు. ఏడుస్తోందంటావా?"

టేపక్క లేచి టీవీ ఆపేసింది. వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. ఉద్యోగం పోయినందుకు కాదు. తను అమ్ముడుపోయిందని ఆ పిల్ల అనుకుంటోంది, అందుకు.

ఒక మధ్యాహ్నం ఫోనులో డైరెక్టరమ్మ మెసేజీ వచ్చింది. "ఎడిటింగ్ రూముకి ఒకసారి రండి." రండి అట! టేపక్క చీర మార్చుకుంటున్నంతసేపూ ఆ 'రండి' గుచ్చుతూనే ఉంది.

ఎడిటింగ్ రూము ఇరుకు. కిటికీకి నల్లగుడ్డ, గోడకి తెర, నాలుగు కుర్చీలు, చల్లారిన టీ కప్పులు. డైరెక్టరమ్మ తెర ముందు కూర్చుని ఉంది. డబ్బింగ్ చెప్పడానికి వచ్చిన పెద్దమ్మ పక్క కుర్చీలో కునికిపాట్లు పడుతోంది. టేపక్క గుమ్మంలోనే ఆగింది.

"ఒక్కటే అడుగుతాను," అంది డైరెక్టరమ్మ వెనక్కి తిరక్కుండా. "బేరం కుదుర్చుకున్నదానివైతే అతని మీదే ఉండిపోవచ్చుగా. వెనక్కి ఎందుకొచ్చావు?"

"ఆవిడకి మాటిచ్చాను."

"నాతో ఎందుకు అబద్ధం చెప్పావు?"

"నీ ముఖం చూసి చెప్పలేకపోయాను పిల్లా. తప్పే."

డైరెక్టరమ్మ ముక్కు ఎగబీల్చింది.

"ఆ ముక్క కోసేద్దామని కూర్చున్నాను. కొయ్యడానికి మళ్ళీ మళ్ళీ చూశాను. చూసిన ప్రతిసారీ, వాడు నోరు తెరవగానే నా కన్నూ వాడి మీదికే పోతోంది. కథ రాసింది నేను! ఆవిడ నడక కోసం కొట్లాడింది నేను! నా కన్నే అటు పోతుంటే, నీ చేతిని ఏమనను? ఎంత సిగ్గేసిందో తెలుసా? కొయ్యడం లేదు. అలాగే ఉంచేస్తున్నాను. నిర్మాతకి హీరో కనపడ్డాడు, ఆయన హాయిగా ఉన్నాడు. మిగతాది హాల్లో కూర్చున్నవాళ్ళు చూసుకుంటారు. రా అక్కా, కూర్చో."

అక్కా. టేపక్క కుర్చీలో కూలబడింది.

పెద్దమ్మను తట్టి లేపి, షాటు వేశారు. తెర మీద గోడ దెబ్బ తింది. తల్లి నడవసాగింది. కొడుకు నోరు తెరిచాడు, తెరంతా అతనే అయ్యాడు. వెనక మరక.

"అదిగో, అది నేనే," అంది పెద్దమ్మ. ఆ మరకను గుర్తుపట్టడానికి ఆవిడకు ఏ ఇబ్బందీ లేదు.

తర్వాత కొడుకు ముఖం మెల్లగా కరిగింది. అతను మాట్లాడుతూనే ఉన్నాడు. దుమ్ములోంచి నుదురు వచ్చింది. కళ్ళు వచ్చాయి. ముఖానికి రంగు లేదు. గడ్డం కింద చిన్న పుట్టుమచ్చ, కంటి పక్కన ముడతలు, రెప్పల మీద సున్నం పొడి, కారడానికి ముందు ఆగిపోయిన నీళ్ళు, ప్రతి ఒక్కటీ ఉన్నది ఉన్నట్టు నిలబడ్డాయి.

పెద్దమ్మ కుర్చీ అంచుకు జరిగింది. చెయ్యి తనకు తెలియకుండానే గడ్డం కిందికి వెళ్ళి, ఆ మచ్చను తడుముకుంది.

"మళ్ళీ వెయ్యమ్మా," అంది.

వేశారు.

"ఇంకోసారి."

టేపక్కకు ఇక ఆగలేదు. గదిలో ఇద్దరున్నారని కూడా చూసుకోకుండా వెక్కి వెక్కి ఏడ్చింది. డైరెక్టరమ్మ ఆమె భుజం పట్టుకుని తనూ మొదలెట్టింది. పెద్దమ్మ మాత్రం తెర మీంచి చూపు తిప్పలేదు. చెయ్యి చాచి, తడుముకుని, టేపక్క చెంప మీద చిన్నగా కొట్టింది.

"ఏడుపాపవే పిచ్చిదానా, కళ్ళు తుడుచుకో. లేకపోతే నీక్కూడా నేను మసగ్గానే కనపడతాను."